వదిన అభిప్రాయం, మరిది అభిప్రాయం

విశ్వవిద్యాలయం, సమాజశాస్త్ర విభాగం
మార్చి

గౌరవనీయులైన ఆచార్యులవారికి,

జైళ్ళ విడుదల మండలి నుంచి నాకు వచ్చిన కబురే మీకూ వచ్చి ఉంటుంది. తీవ్రవాద కేసులో పదేళ్ళకు పైబడి శిక్ష అనుభవిస్తున్న ఒక ఖైదీ ముందస్తు విడుదల కోరుతున్నాడు. అతను నిజంగా మారాడా లేదా అన్నది మనిద్దరం తేల్చి, ఒకే అభిప్రాయంగా రాసి, ఇద్దరం సంతకం పెట్టాలట. మీరు ఇస్లామీయ ధర్మశాస్త్రం బోధించేవారు. నేను ఇలాంటి సంస్థల్లో చేరినవాళ్ళ బతుకుల మీద పరిశోధన చేసేదాన్ని. మనిద్దరం ఒప్పుకుంటే ఇక ఎవరినీ అడగక్కర్లేదని వాళ్ళ ఆలోచన. ఒప్పుకోకపోతే అతని దరఖాస్తు మళ్ళీ రెండేళ్ళదాకా కదలదు.

ముందు ఉత్తరాల్లో చర్చించుకోమన్నారు. నకళ్ళు ఫైల్లో పెడతారట. అందుకే రాస్తున్నాను.

మన పుస్తకాలు పక్కపక్కన పెట్టి చూసిన ఆ మండలివాళ్ళకి, మనం పన్నెండేళ్ళుగా మాట్లాడుకోవడం లేదని తెలిసినట్టు లేదు. మీరు నా చెల్లెలి భర్త అని అసలే తెలియదు. తెలియకపోవడమే మంచిది.

జైలు మీ ఊళ్ళోనే ఉంది కాబట్టి మొదట మీరు వెళ్ళి అతన్ని చూడగలరు. నేను సెలవుల్లో వస్తాను.

దంతవైద్యురాలైన మీ భార్యగారిని అడిగినట్టు చెప్పగలరు.

ఇట్లు,
శాఖాధిపతి


ఇల్లు, పుస్తకాల గది
మార్చి చివర

వదినగారికి,

మీ కవరు మీ చెల్లెలి చేతికే చిక్కింది. 'దంతవైద్యురాలైన మీ భార్యగారు' అన్న చోటికి వచ్చేసరికి నవ్వలేక గోడ పట్టుకుంది. క్లినిక్‌కి తీసుకువెళ్ళి వరసలో కూర్చున్న పేషంట్లకి కూడా చదివి వినిపించింది. ఆ తర్వాత నా దగ్గరికొచ్చి, "ఈ పన్నెండేళ్ళూ 'మీ ఆయనతో చెప్పు', 'మీ అక్కతో చెప్పు' అని నాచేత మోయించారు. ఇవాళ్టితో ఆ పోస్ట్‌మాన్ ఉద్యోగానికి రాజీనామా. స్టాంపులు కొనుక్కోండి" అంది. కొనుక్కున్నాను.

మన బంధుత్వం మండలికి తెలియకపోవడమే మంచిదని, మండలి ఫైలుకి వెళ్ళే కాగితం మీదే రాశారు. కాబట్టి ఈ నకలు చదివేవారికి మన గొడవ కూడా రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఒక సదస్సులో, హింసకి సమర్థన ఎలా పుడుతుందో తెలియాలంటే ఆ గుంపులు చదివే గ్రంథాలు చదవాలని నేనన్నాను. మీరు లేచి, "మరిది చెప్పే పుస్తకాల్ని బాంబు పెట్టినవాడు ఒక్కడైనా తిరగేశాడేమో చూపించమనండి" అన్నారు. నేను ఊరుకోలేక, "వదినగారి పట్టికల్లో అన్నిటికీ గడి ఉంది, దేవుడికే లేదు" అన్నాను. హాలంతా రెండు మాటలకీ సమానంగానే నవ్వింది. మనం మాత్రం ఎవరి మీద నవ్విన నవ్వుని వాళ్ళం ఇంటికి మోసుకుపోయాం.

ఇక అసలు సంగతి. జైలు లైబ్రరీలో అతన్ని కలిశాను. ముప్పై దాటాయి. ఎలక్ట్రీషియన్ దగ్గర పని నేర్చుకుంటున్న రోజుల్లో, తన వీధిలోని ఒక 'అన్న' మాట మీద బస్‌స్టాండు సామాన్ల గదిలో ఒక సంచి పెట్టి వచ్చాడు. అందులో ఏముందో అతనికి తెలుసు. అక్కడి గుమాస్తా అనుమానించి పోలీసుల్ని పిలవబట్టి అది పేలలేదు. ఇదంతా అతనే చెప్పాడు, తడుముకోకుండా.

నేను నేరుగా మూలంలోకి వెళ్ళాను. "మనలాంటి ముస్లిములే అయినా, తమతో కలవనివాళ్ళని మతం బయటివాళ్ళుగా తీర్మానించే హక్కు తమకుందని నీకు నేర్పారు గదా. ఇప్పుడూ అది నమ్ముతావా?" అని అడిగాను.

"నమ్మను సార్."

"ఎందుకు నమ్మవు? ఏ ఆధారంతో?"

"ఆధారం చెప్పలేను సార్" అన్నాడు.

ఇక్కడే నాకు తేలడం లేదు వదినగారూ. కారణం లేకుండా మారినవాడు కారణం లేకుండానే వెనక్కి మారగలడు. ముడి ఎక్కడ పడిందో అక్కడే విప్పాలి. ఆ ముడి చదువులో పడింది. ప్రస్తుతానికి నా సంతకం లేదు.

మీ మరిది


విశ్వవిద్యాలయం, సమాజశాస్త్ర విభాగం
ఏప్రిల్

ఫైలుకి:

మీ ఉత్తరం అందింది. నాకు తెలిసినంతలో ఇలాంటివాళ్ళలో ఎక్కువమంది మతం చదివి సంస్థలో చేరలేదు. చేరాక చదివారు, అదీ సంస్థ అచ్చేసి ఇచ్చిన నాలుగు పేజీలు. చేరడానికి ముందు అన్నయ్యో, స్నేహితుడో, ఒకే గదిలో ఉండేవాడో చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాడు. అక్కడ వాళ్ళకి ఒక కుటుంబం, ఒక గౌరవం, ఒక పని దొరికాయి. మతం అన్నది పైకి తొడుక్కున్న చొక్కా లాంటిది. దాని కుట్టు పరీక్షిస్తూ కూర్చుంటే లోపలి మనిషి కనబడడు. మనసు మారిందా అన్నది తర్వాత, ముందు మనుషులు మారారా అని చూడాలి. ఎవరితో కూర్చుని తింటాడు? ఎవరు అతన్ని కేకలేస్తే పడతాడు? ఎవరి కోసం తన సబ్బు ముక్క ఇచ్చేస్తాడు? ఇవి కనుక్కోగలరు.

ఫైలుకి కాదు (ఈ కాగితం విడిగా పెట్టాను):

హాలంతా రెండు మాటలకీ సమానంగా నవ్విందా? నాకైతే నీ మాటకే ఎక్కువ నవ్వినట్టు గుర్తు. ఏమైనా 'ఆధారం చెప్పలేను' అన్న మనిషి నాకు నచ్చాడు. నిన్ను మెప్పించాలనుకునేవాడైతే జైలు లైబ్రరీలో రెండు పుస్తకాలు బట్టీపట్టి గడగడా అప్పజెప్పేవాడు గదా. అది నీకు తట్టలేదా? పంటి డాక్టరు కడుపు నొప్పిని కూడా పళ్ళలోనే వెతుకుతుందట. మా చెల్లెలి సావాసం నీకు బాగా అబ్బింది.

వదిన


ఇల్లు, పుస్తకాల గది
మే

వదినా,

విడి కాగితంలో రెండో వాక్యంలోనే 'నీ మాట' అన్నారు. మీ చెల్లెలు దాని కింద ఎర్ర గీత గీసి, కాగితం ఫ్రిజ్ తలుపుకి అంటించింది. నేను కూడా 'గారు' తీసేశాను, గమనించగలరు.

ఫైలుకి కావాల్సింది ముందు చెప్తాను. మీరడిగినవన్నీ వార్డర్లని అడిగాను. వాళ్ళు నా వైపు జాలిగా చూసి, "అతని గురించి తెలియాలంటే శనివారం గ్రౌండుకి రండి సార్" అన్నారు. ఎందుకంటే అతను ఆ జైల్లో వాలీబాల్ రిఫరీ. అసలు పేరు ఎవరూ పిలవరు. సూపరింటెండెంట్ దగ్గర్నుంచి వంటగది దాకా అందరికీ 'రిఫరీ'.

నా జీవితంలో ఒక ఆట మొదలునుంచి చివరదాకా చూసింది లేదని మీకు తెలుసు. వెళ్ళాను. తారు పోసిన చిన్న గ్రౌండు, సున్నం గీతలు, గోడకి ఆనుకుని కూర్చున్న ఖైదీలు. నన్ను గౌరవంగా ముందు వరసలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఆ గౌరవానికి ఫలితంగా రెండో సర్వీసుకే బంతి వచ్చి నా ముఖాన తగిలింది. కళ్ళజోడు ఒక కాలు విరిగింది. జైలంతా ఒక్కసారిగా లేచి నిలబడింది, నవ్వడానికి. రిఫరీ మాత్రం విజిల్ ఊది, ఆట ఆపి, పరుగెత్తుకొచ్చాడు. అతనికీ నవ్వు వస్తోందని మూతి చూస్తేనే తెలిసిపోయింది.

ఆట చివర్లో రెండు జట్లూ సమానం. అతని బ్యారక్ ఒకవైపు. అవతలి జట్టు కెప్టెన్ దూకి కొట్టిన బంతి గీత దగ్గర పడింది. లోపలే అని వాళ్ళు, బయట అని వీళ్ళు. కేకలు. అతను విజిల్ నోట్లో పెట్టుకుని అలాగే నిలబడ్డాడు. తర్వాత విజిల్ తీసి, "నేను సరిగా చూడలేదు. ఎటూ చెప్పలేను. మళ్ళీ సర్వీసు వెయ్యండి" అన్నాడు. రెండు జట్లూ కలిసి అతన్ని తిట్టాయి. వార్డర్లు కూడా తిట్టారు. అతను నవ్వుతూ పడ్డాడు. మళ్ళీ వేశారు, అతని బ్యారక్ ఓడిపోయింది. ఓడినవాళ్ళే అతన్ని భుజాల మీద ఎక్కించుకుని రెండు చుట్లు తిప్పి, నీళ్ళ తొట్టిలో పడేశారు.

తడి బట్టలతో వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "చూడలేదని ఒప్పుకోవడానికి భయం వెయ్యలేదా?" అని అడిగాను.

"మొదట్లో వేసేది సార్. విజిల్ ఊదేశాక మాట మార్చుకోకూడదనుకునేవాణ్ణి. మా వీధి అన్న అలాగే ఉండేవాడు. ఏది అడిగినా తెలుసనేవాడు. ఎవడు మనవాడు, ఎవడు కాదు, ఎవడు నరకానికి పోతాడు, అన్నీ. అదే గొప్ప అనుకున్నాను." తడి చొక్కా అంచు పిండాడు. "ఇక్కడ వారం వారం చూస్తున్నాను గదా సార్. నిజంగా చూసినవాడికి అన్నీ అంత ఖాయంగా కనబడవు."

వదినా, నేను పాఠాల్లో చెప్పే పాత న్యాయవేత్తలు పేజీల కొద్దీ వాదించి తీర్పు రాసి, చివర 'దేవుడికే బాగా తెలుసు' అని ముగించేవారు. విద్యార్థులు దాన్ని మర్యాద వాక్యం అనుకుంటారు. అది మర్యాద కాదు, హద్దు. తీవ్రవాదుల కరపత్రాలు నా బీరువాలో ఒక అరనిండా ఉన్నాయి, వాటిలో ఎక్కడా ఆ వాక్యం కనబడదు. అతను ఆధారం చెప్పలేదన్నాను. చెప్పలేకపోయాడు గానీ అతని దగ్గర ఉంది.

నేను సంతకం పెడతాను. మీరు ఎప్పుడొస్తారు? ఈసారి హోటల్లో దిగితే ఇంటికి రానివ్వనని మీ చెల్లెలు చెప్పమంది. తను రాజీనామా చేసిన సంగతి మర్చిపోయినట్టుంది.

ఒంటికాలి కళ్ళజోడుతో,
మరిది


రైల్వే స్టేషన్, వెయిటింగ్ రూమ్
జూన్

మరిదీ,

మీ ఇంట్లో మూడు రోజులుండి, నీతో నోటితో మాట్లాడి, మళ్ళీ స్టేషన్లో కూర్చుని ఉత్తరం రాస్తున్నానంటే కోపం తెచ్చుకోకు. ఎదురుగా చెప్తే నువ్వు మధ్యలో అడ్డొస్తావు. కాగితం అడ్డురాదు.

రిఫరీతో రెండు పూటలు కూర్చున్నాను. నువ్వు రాసింది అక్షరాలా నిజం. చుట్టూ అన్ని రకాల మనుషులు. అతన్ని తొట్టిలో పడేసిన బ్యారక్‌లో దొంగనోట్లవాడున్నాడు, దేవుణ్ణి నమ్మనివాడున్నాడు, నమాజు వేళకి అతన్ని తట్టిలేపే వేరే మతం ముసలాయనున్నాడు. ఇంత మంచి ఆధారం నా పుస్తకాలన్నిట్లో వెతికినా దొరకదు.

కానీ మనిషిని నిలబెట్టేది చుట్టూ ఉన్న మనుషులేనన్నది నా సిద్ధాంతమైతే, ఆ మనుషులు జైల్లో ఉండిపోతారు గదా. అతను బయటికి వస్తాడు. ఎవరి మధ్యకి? ఆ మాట అడిగాను. దాచకుండా చెప్పాడు. ఆ 'అన్న' సంచి కేసు రుజువు కాక, తక్కువ శిక్షతో బయటికొచ్చి, అదే వీధిలో, వీళ్ళ ఇంటికి నాలుగు గుమ్మాల అవతల ఫోన్ల దుకాణం పెట్టాడు. 'వచ్చెయ్, నీ కుర్చీ ఖాళీగానే ఉంది' అని కబురు కూడా పంపాడట.

"నువ్వేం చెప్పి పంపావు?" అన్నాను.

"ఏమీ చెప్పలేదు మేడమ్. ఆయన ముందు నిలబడితే ఏమంటానో నాకే తెలీదు. చిన్నప్పుడు మా నాన్న పోయినప్పుడు నా ఫీజులు కట్టింది ఆయనే."

నిజాయితీగా చెప్పాడు కాబట్టే నాకు భయం వేసింది. వాళ్ళమ్మ ఇల్లు ఆ వీధిలోనే. ఇంకెక్కడికి పోతాడు? క్షమించు మరిదీ, ఇప్పుడు నా సంతకం లేదు.

రైలొచ్చింది.

వదిన


ఇల్లు, పుస్తకాల గది
జూన్

వదినా,

బాగుంది. పుస్తకం పట్టుకుని వేలాడే మరిది విడుదల చెయ్యమంటాడు, మనుషుల్ని నమ్మే వదిన వద్దంటుంది. మనిద్దరం పన్నెండేళ్ళు పోట్లాడుకుని చివరికి కుర్చీలు మార్చుకున్నాం. మీ చెల్లెలైతే, "ఇక ఆ అబ్బాయి కొడుకు పెళ్ళినాటికి మీరు ఒప్పుకుంటారులే" అంటోంది.

వాదన పక్కన పెడితే, మీ భయం తీసిపారేసేది కాదు. అన్న చెప్పిన మతాన్ని అతను వదిలేశాడు, అన్న చేసిన మేలుని వదల్లేదు. నేను మూడుసార్లు వెళ్ళి కూడా ఆ రెంటినీ విడదీసి చూడలేకపోయాను. అది మీ పని.

కాని వదినా, అతని తల్లిని మీరు చూడలేదు, నేనూ చూడలేదు. మనిద్దరం ఆవిడ ఇంటి చిరునామా బట్టే తీర్పు చెప్పేస్తున్నాం. జైలు సందర్శకుల పుస్తకంలో ఆవిడ రాసిన ఆసుపత్రి మీ ఊరినుంచి రెండు గంటల ప్రయాణమట. ఒకసారి వెళ్ళండి. ఆ తర్వాత కూడా వద్దంటే నేనే మండలికి 'కుదరలేదు' అని రాస్తాను. మాటిస్తున్నాను.

మరిది


విశ్వవిద్యాలయం, సమాజశాస్త్ర విభాగం
జులై

మరిదీ,

వెళ్ళాను. వివరంగా రాస్తాను, టీ పెట్టుకుని కూర్చుని చదువు.

ఆసుపత్రి కింది అంతస్తులో లాండ్రీ. ఆవిరి, సబ్బు వాసన, గదిలో సగం ఉండే ఉతికే యంత్రాలు. ఆవిడ సన్నగా, పొడుగ్గా, చేతులు మోచేతుల దాకా ఎర్రబారి ఉంది. నేనెవరో చెప్పాను. "కూర్చోడానికి ఇక్కడ ఏం లేదమ్మా" అని, ఆరిన దుప్పటి ఒక కొస నా చేతికిచ్చింది. రెండో కొస తను పట్టుకుంది. లాగాలి, దులపాలి, మడిచి ఎదురెదురుగా రావాలి. నాకు సరిగ్గా రాలేదు. "మూల మూల కలపండి మేడమ్" అని ఆవిడ చెప్తూ ఉంది. నాలుగు దుప్పట్లు అయ్యేదాకా నా ప్రశ్న ఒక్కటీ నోటికి రాలేదు.

అయిదో దుప్పటికి, "మీ వీధిలో ఆ అన్న..." అని మొదలుపెట్టాను.

"మా వీధి కాదు. నేను ఆ ఇల్లు ఖాళీ చేసి ఏడాదవుతోంది" అంది.

మరిదీ, ఆవిడ పాత ఆసుపత్రి నుంచి ఇక్కడికి బదిలీ అడిగి తెచ్చుకుంది. కొడుకుతో కూడా చెప్పలేదు. "ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాను.

"విడుదల వస్తుందో రాదో. నేను ఇల్లు మార్చానంటే ఆశ పెట్టుకుంటాడు. రాకపోతే?" అని దుప్పటి దులిపింది.

అన్న సంగతి అడిగాను. అతను ఫీజులు కట్టింది నిజమేనట. బదిలీ వచ్చాక ఆవిడ అతని దుకాణానికి వెళ్ళిందట. నలుగురూ ఉండగా, "నా పిల్లాడి ఫీజులు కట్టావు, నీకు రుణపడి ఉన్నాను. అందుకే వాడి చేతికి సంచి ఇచ్చినప్పుడు నిన్ను నా నోటితో శపించలేదు. ఇక్కడితో సరి. వాడికి కబుర్లు పంపకు" అని చెప్పి వచ్చిందట. అతను ఏమన్నాడని అడిగాను. "తల దించుకుని ఫోను తుడుస్తూ కూర్చున్నాడు. వాడికీ ఇప్పుడు పిల్లలున్నారు" అంది.

తర్వాత నన్ను అడిగింది. "మీరు చదువుకున్నవాళ్ళు. వాడు మారాడంటారా?"

నేను ఆరో దుప్పటి కొస అందుకున్నాను. ఆవిడే అంది: "ఆ సంచి పేలి ఉంటే నేను ఈ మాట అడగడానికి కూడా మీ ముందు నిలబడేదాన్ని కాదమ్మా. ఆ గదిలో పొద్దునపూట జనం ఎలా ఉంటారో నాకు తెలుసు. పేలలేదు కాబట్టి అడుగుతున్నాను."

ఇంకొకటుంది. వాలీబాల్లో గీత దగ్గర బంతి కొట్టిన కెప్టెన్ గురించి రాశావు గదా. అతను మే చివర్లో విడుదలై, ఆవిడ ఉండే ఊళ్ళోనే మోటార్లు బాగుచేసే షెడ్డు తెరిచాడు. జైల్లో కొడుకుని చూడ్డానికి వచ్చినప్పుడు చూసిన ముఖమని బజారులో ఆవిడని గుర్తుపట్టి, "రిఫరీ వస్తే నా దగ్గర పని ఉంది, కానీ ఆ పాయింటు మాదేనని ఒప్పుకోవాలి" అన్నాడట. జైలు స్నేహాలే కుర్రాళ్ళని తీవ్రవాదంలోకి లాగుతాయని నేను ఒక అధ్యాయమంతా రాశాను. ఇప్పుడు దాని కింద ఒక పాదసూచిక చేర్చాలి.

సంతకం పెడుతున్నాను. కాని ఒక షరతు: ఫలితం ఒకటే రాద్దాం, కారణాలు రెండు రాద్దాం. నా భాగంలో నీ సిద్ధాంతాన్ని కొంచెం విమర్శించుకోనివ్వాలి.

చేతులు ఇంకా నొప్పిగా ఉన్నాయి. ఎన్నాళ్ళకో ఇంత సంతోషంగా ఉన్నాను.

వదిన


క్లినిక్, వెనక గది
సెప్టెంబరు

వదినా,

విచారణ ముగియగానే మీరు పరీక్షల పనుందని రైలెక్కేశారు. అసలు తమాషా అంతా ఆ తర్వాతే జరిగింది.

మండలి అధ్యక్షురాలు, ఆ రిటైర్డ్ జడ్జిగారు, నన్ను ఒక్కణ్ణే గదిలోకి పిలిచారు. భయపడుతూ వెళ్ళాను. ఆవిడ ముందు ఫైలుంది. "ఫైలంతా చదివాను. అవసరమైన దానికంటే ఎక్కువే చదివాను" అన్నారు. చూద్దును గదా, మనం 'ఫైలుకి కాదు' అని రాసుకున్న కాగితాల నకళ్ళు కూడా వరసగా కుట్టి ఉన్నాయి. ఫ్రిజ్‌కి అంటించిన కాగితం కూడా. పంపింది ఎవరో వేరే చెప్పాలా? అడిగితే, "రాజీనామా చేసినా ఆఖరి డ్యూటీ ఒకటి మిగిలింది" అంది మీ చెల్లెలు. జడ్జిగారు మాత్రం, "రెండు కారణాలు వేరువేరుగా ఉండి ఒకే చోటికి వచ్చాయి కాబట్టే నాకు ధైర్యం వచ్చింది. ఒకే కారణం రాసి ఉంటే మీరు కూడబలుక్కుని రాశారనుకునేదాన్ని" అన్నారు. పత్రం మీద సంతకం పెట్టి, "మీ వదినగారి విమర్శలో పస ఉంది" అని కూడా అన్నారు. ఇది మీకు చెప్పకూడదనుకున్నాను గానీ చెప్పేశాను.

నిన్న పొద్దున విడుదల. మేమిద్దరం కారు తీసుకెళ్ళాం. వాళ్ళమ్మ ముందే వచ్చి గేటు ఎదుట నిలబడి ఉంది. అతను ఒక సంచితో బయటికి వచ్చాడు. వచ్చి గేటు దాటి ఆగిపోయాడు, ఇంకెవరైనా చెప్తే గానీ కదలకూడదన్నట్టు. ఆవిడ ఏడుస్తుందనుకున్నాను. దగ్గరికి వెళ్ళి ముఖం రెండు చేతుల్లోకి తీసుకుని, ఇటు తిప్పి అటు తిప్పి చూసి, "బుగ్గ వాచిందేమిట్రా?" అంది.

పన్ను. వారం రోజులుగా నొప్పట. జైలు డాక్టరుకి చెప్తే విడుదల వాయిదా పడుతుందేమోనని చెప్పలేదట.

ఇక మీ చెల్లెల్ని ఆపగలమా? "ముందు క్లినిక్, తర్వాతే ఇల్లు" అని కారు తిప్పేసింది. అలా మన రిఫరీ స్వేచ్ఛ పొందిన మొదటి గంటలో నోరు తెరుచుకుని కుర్చీలో పడుకున్నాడు. వాళ్ళమ్మ ఒక చెయ్యి పట్టుకుంది. రెండో చెయ్యి పట్టుకోవడానికి ఎవరూ లేక నేను పట్టుకున్నాను. ఇంజక్షన్ సూది చూసేసరికి నా వేళ్ళు నలిగిపోయేలా పిసికాడు. పన్ను వచ్చింది. మీ చెల్లెలు దాన్ని పళ్ళెంలో వేసి చూపిస్తే, వాళ్ళమ్మకి అప్పుడొచ్చింది ఏడుపు. పన్ను చూసి. అతనేమో దూది కరుచుకున్న నోటితో ఏదో చెప్పి ఓదార్చబోయాడు, ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆవిడ ఏడుస్తూనే నవ్వింది. వెయిటింగ్ హాల్లోవాళ్ళు తలుపు సందులోంచి చూస్తున్నారు.

దారిలో అతనితో మాట్లాడాలని నేను ఎన్నో ప్రశ్నలు కూర్చుకున్నాను. నోట్లో దూదితో ఏం మాట్లాడతాడు? బస్సెక్కించేదాకా ముగ్గురం కిటికీలోంచి రోడ్డు చూస్తూ కూర్చున్నాం. వదినా, ఇన్నేళ్ళలో నేను ఎవరి పక్కనా ఏమీ చెప్పకుండా అంతసేపు కూర్చున్నది లేదు. బాగానే ఉంది.

మరిది


బస్‌స్టాండు ఎదుట టీకొట్టు
డిసెంబరు

మరిదీ,

ఈ ఉత్తరం మీద టీ మరకుంటే నాది కాదు, బల్లది.

సదస్సుకి వెళ్ళి వస్తూ దారిలో వాళ్ళ ఊళ్ళో దిగాను. చెప్పకుండా వెళ్ళాను. పరిశోధకురాలి బుద్ధి ఎక్కడికి పోతుంది? ముందు కెప్టెన్ షెడ్డుకి వెళితే, మన రిఫరీ ఒక మోటారు విప్పుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. వేళ్ళకి గ్రీజు. నన్ను చూసి లేవబోయి, మరలన్నీ ఎక్కడ దొర్లిపోతాయోనని లేవలేక, అలాగే నవ్వాడు. "ఆ పాయింటు సంగతి ఒప్పుకున్నావా?" అని అడిగాను. కెప్టెన్ లోపల్నుంచి, "ఇంకా లేదు మేడమ్. జీతం ఇచ్చే రోజు కూడా ఒప్పుకోడు" అన్నాడు.

పని అయ్యాక ఇంటికి తీసుకెళ్ళాడు. దారిలో చెప్పాడు, ఆ సామాన్ల గది గుమాస్తాకి ఒకసారి ఎదురుపడి కృతజ్ఞత చెప్పాలని ఉందట, ధైర్యం చాలడం లేదట. ఎలా చెప్పాలో నన్ను అడిగాడు. నాకూ తెలియలేదు. ఆలోచించి రాస్తానన్నాను. నువ్వూ ఆలోచించు, ఈసారి పుస్తకం ముయ్యి.

ఇల్లంటే బస్‌స్టాండుకి ఎదురుగా మేడ మీద ఒక గది, ఒక వంటగది. ఆ రోజే వాళ్ళు బల్లఫ్యాను కొన్నారు. మేం వెళ్ళేసరికి వాళ్ళమ్మ దాన్ని కిటికీ దగ్గర పెట్టి ఉంది. అతను చూడగానే, "అక్కడ పెడితే గాలి బయటికి పోతుంది" అన్నాడు. "పెద్ద వచ్చాడు. బయటి గాలి లోపలికి వస్తుంది" అంది ఆవిడ. "నేను కరెంటు పని చేసేవాణ్ణమ్మా." "నేను రోజూ ఆవిరిలో నిలబడేదాన్నిరా, గాలి ఎటు పోతుందో నాకు తెలీదా?" అతను తీసి మంచం వైపు పెట్టాడు. ఆవిడ మళ్ళీ తీసి కిటికీ దగ్గర పెట్టింది. మధ్యలో నాకు టీ ఇచ్చారు, గొడవ మాత్రం ఆపలేదు. ఒకరి మీద ఒకరు గొంతు పెంచుతున్నారు. అతని షెడ్డు పని, ఆవిడ పొద్దుటి డ్యూటీ, కరెంటు బిల్లు, చిన్నప్పుడు జ్వరం వచ్చినప్పటి సంగతి, అన్నీ ఆ ఫ్యానులోకి వచ్చాయి.

నేను కప్పు పట్టుకుని అలా చూస్తూ కూర్చున్నాను. పదేళ్ళు నెలకోసారి జైలు ములాఖత్‌లో 'బాగున్నావా, బాగున్నాను' తప్ప మాట్లాడుకోని తల్లీకొడుకులు. ఇప్పుడు ఒకరితో ఒకరు ఎంత విసుగ్గా, ఎంత ధీమాగా పోట్లాడుకుంటున్నారో!

చివరికి ఇద్దరూ నా వైపు తిరిగారు. "మేడమ్, మీరు చెప్పండి."

తలుపు దగ్గర పెట్టమన్నాను.

తల్లీకొడుకులిద్దరూ ఒక్కటై నా మీద పడ్డారు. తలుపు దగ్గర ప్లగ్గే లేదట. ప్లగ్గు చూడకుండా మాట్లాడతారా అని ఆవిడ, గోడలో వైరు ఎటుందో చూపిస్తానని అతను. చూపించాడు కూడా, కుర్చీ ఎక్కి. ఈలోగా ఆవిడ ఇంకో కప్పు టీ పోసింది. కిందనుంచి నా బస్సు హారన్ వినబడుతూనే ఉంది. నేను లేవలేదు.

వదిన